శనివారం గిన్నె

3 జూలై 2010, శనివారం

ఈరోజు పనులు: కిటికీ అంచులు రెండుసార్లు తుడిచాను, ఇనుప గని దుమ్ముకు గుడ్డ రెండుసార్లూ ఎర్రగానే వచ్చింది. ముసురు కదా, బట్టలు వంటింట్లోనే ఆరేశాను. మినప్పప్పు పురుగు పట్టకుండా వేపాకు వేసి డబ్బా మూత బిగించాను. గ్యాస్ బుక్ చేశాను. శనివారం గిన్నెలో మా ఇంటి గుప్పెడు బియ్యం పోశాను, మా ఇంటి పాట వేశాను, పక్కింటికి పంపాను.

గిన్నె సంగతి ఈ డైరీలో ఇంతవరకూ రాయలేదు. ఈ గని కాలనీలో మా రెండు వరసల్లో ఉన్న తెలుగు ఇళ్ళన్నీ శనివారం పొద్దున ఒక ఇత్తడి గిన్నెను ఇంటింటికీ పంపుకుంటాయి. తలా గుప్పెడు బియ్యం వేస్తే సాయంత్రం భజనకు ప్రసాదం అవుతుంది. కంప్యూటర్లు వచ్చాక గిన్నెతోపాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా తిరుగుతోంది. కంప్యూటర్ ఉన్న ఐదిళ్ళ వాళ్ళూ తలా ఒక కొత్త పాట అందులో ఎక్కిస్తారు. దాన్ని కుంకుమ బొట్టు పెట్టిన చిన్న డబ్బాలో ఉంచి బియ్యం మీద పెడతారు. దుర్గమ్మగారి ఏర్పాటు ఇది. భజన నడిపేది ఆవిడే. అవతలి వరసలో ఉంటారు, వాళ్ళాయన లోడింగ్ ప్లాంట్‌లో మా ఆయనకు ఫోర్‌మన్.

గేటు దగ్గర లక్మే కనబడింది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఊరు ఆవపల్లి అవతల. ముప్పై ఏళ్ళుంటాయి. ఒంటరిది. ఓపెన్ స్కూల్లో పన్నెండు పాసైంది. వచ్చే నెల ఇరవై రెండున దంతెవాడలో డాటా ఎంట్రీ ఉద్యోగానికి టైపింగ్ టెస్ట్ ఉందట. హాస్టల్ కంప్యూటర్ వార్డెన్ గదిలో, తాళంలో ఉంటుందట. ఆదివారం, బుధవారం మధ్యాహ్నాలు మీ ఇంట్ల కొట్టుకుంటనక్కా, పొయ్యి కాడ ఇంకెన్నేండ్లు కూసుంట, అంది. రమ్మన్నాను.

4 జూలై, ఆదివారం

మూడింటికి లక్మే వచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. హిందీ టైపింగ్ పాఠాలున్న పెన్‌డ్రైవ్ తెచ్చింది. వేళ్ళు బాగానే నడుస్తున్నాయి, మాత్రల దగ్గర, అదే హిందీ గుణింతాల దగ్గర, ఆగుతోంది.

నేను టీ పెట్టడానికి వెళ్ళాను. ఆయన షిఫ్ట్ నుంచి వచ్చారు. తలుపు దగ్గర నుంచే, ఏందిది, ఏందిది, అని అరుపు. వెళ్ళి చూస్తే స్క్రీన్ నిండా బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మలు. లక్మే కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను పాఠమే తెరిసిన అక్కా, అదే ఒచ్చింది, అంటోంది. నేను మూశాను. మళ్ళీ తెరుచుకుంది. మూశాను, రెండు తెరుచుకున్నాయి. చివరికి స్విచ్ లాగేశాను.

లక్మే పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్ళిపోయింది. టీ తాగలేదు.

రాత్రి భోజనం దగ్గర ఆయన, ఆ పిల్ల చేతిల ఏం తెచ్చిందో చూసుకోవద్దా నువ్వు, అన్నారు. రామనర్సయ్య ఇంట్ల ఇసుంటియి చూస్తరని రేపు ప్లాంట్ల అనుకుంటే నా మొకం ఏడ పెట్టుకోను, అన్నారు. పేరు పెట్టి తన గురించి తనే మాట్లాడుకున్నారంటే కోపం బాగా వచ్చినట్టు.

5 జూలై, సోమవారం

వంటయ్యాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏది ఎలా ఉందో వరసగా చూశాను.

ప్రతి ఫోల్డర్‌కూ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పుట్టింది. చూడటానికి ఫోల్డర్ బొమ్మే, కానీ ప్రోగ్రామ్. నా ఇంటి లెక్కల ఫోల్డర్ నకలు ఉంది, అసలుది కనిపించడం లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే అడ్మినిస్ట్రేటర్ ఆపేశాడని వస్తోంది. ఈ ఇంట్లో అడ్మినిస్ట్రేటర్‌ని నేనే, నేను ఆపలేదు. దాచిన ఫైళ్ళు చూపించమని టిక్ పెడితే టిక్ తనంతట తనే పోతోంది.

విశాఖలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. యాంటీవైరస్ గడువు మొన్న జూన్‌తో అయిపోయి ఉంటుందమ్మా, కొత్తది దించు, సేఫ్ మోడ్‌లో నడుపు, అంది. మన నెట్‌కు అది దిగేసరికి రేపవుతుంది.

7 జూలై, బుధవారం

స్కాన్ పూర్తయింది. చాలా దొరికాయి. అన్నీ తుడిచింది. రీస్టార్ట్ చేశాను. అన్నీ తిరిగి వచ్చాయి.

లక్మే రాలేదు. వార్డెన్ ఏదో ప్రింట్ తీయమంటే హాస్టల్లోనే ఉండిపోయిందట.

9 జూలై, శుక్రవారం

బజార్లో కంప్యూటర్లు బాగుచేసే సుక్రాం వచ్చాడు. లెక్కలూ ఫొటోలూ డి డ్రైవ్‌లోకి నెట్టి, సి డ్రైవ్ ఫార్మేట్ చేసి, విండోస్ కొత్తగా వేశాడు. అబ్ ఏక్‌దమ్ నయా హై భాభీ, టెన్షన్ నహీ, అన్నాడు. దాచిపెట్టిన అసలు ఫోల్డర్లు బయటికి తీసి చూపించాడు. లెక్కలు పోలేదు. 

10 జూలై, శనివారం

గిన్నె వచ్చింది, పోయింది. వాన.

11 జూలై, ఆదివారం

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

లక్మే వచ్చింది. ఆయన ఇంట్లోనే ఉన్నారు. నేను పక్కనే కూర్చున్నాను. పెన్‌డ్రైవ్ పెట్టింది. పది నిమిషాలు టైపు చేసింది. బొమ్మలు మళ్ళీ వచ్చాయి.

ఆయన వచ్చి పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నారు. ఇది ఈడనే ఉంటది, రేపు ఎవరన్నా అడిగితే సాక్ష్యం, అన్నారు. లక్మే నా వైపు చూసింది. నేను తేలేదక్కా, అంది. నేను చూసింది చూశాను కదా అనిపించింది. శుభ్రం చేసిన మిషన్ రెండు రోజులు బాగుంది, ఆమె పెట్టగానే పాడైంది. నేను అన్న మాట ఇది: టెస్ట్ అయిందాకా వేరే ఎక్కడన్నా చూసుకో లక్మే. వేరే ఎక్కడ ఉందో ఇద్దరికీ తెలియదు. బజార్లో నెట్ సెంటర్ మగపిల్లలతో నిండి ఉంటుంది.

సాయంత్రం కుళాయి దగ్గర దుర్గమ్మగారు మీ ఆయన కేకలేస్తున్నారేటని అడిగితే మొత్తం చెప్పేశాను. మా కంప్యూటర్‌కు హాస్టల్ లక్మే పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందని. ఎలాంటి బొమ్మలో కూడా చెప్పాను. ఆవిడ, ఓలమ్మా, చూడ్డానికి నోట్లో నాలుక నేన్దాన్లా ఉంటాదే, అంది. బకెట్లు నిండే లోపు ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళకు ఆవిడే చెప్పింది.

14 జూలై, బుధవారం

సుక్రాం మళ్ళీ వచ్చాడు. ఈసారి వాడి మొహం కొంచెం వాడిపోయింది. తప్పు తనదే అన్నాడు. సి శుభ్రం చేశాడు గానీ డి డ్రైవ్‌లో అది కూర్చునే ఉంది. డి మీద రెండుసార్లు నొక్కగానే ఆటోరన్ అనే చిన్న ఫైలు దాన్ని లేపుతుందట. లెక్కలు తెరవడానికి శుక్రవారం రాత్రి డి మీద నొక్కింది నేనే. అంటే ఆదివారానికి ముందే అది లేచి ఉంది. మరి బొమ్మలు రాలేదేమంటే, అవి నెట్ ఉంటేనే వస్తాయి భాభీ అన్నాడు. ఆ రెండు రోజులు నేను నెట్ పెట్టలేదు, ఆదివారం లక్మే వచ్చే ముందే పెట్టాను.

అయినా మొదటిసారి తెచ్చింది లక్మేనే కదా అనుకున్నాను.

వాడికి డబ్బులిచ్చి పంపి ఈసారి నేనే కూర్చున్నాను. వాడు కాగితం మీద రాసిచ్చిన కమాండ్లు ఒక్కొక్కటే కొట్టాను. డ్రైవ్ మీద రెండుసార్లు నొక్కకూడదు, పక్కనున్న చెట్టులాంటి వరసలోంచి తెరవాలి. దాచిన ఫైళ్ళ మీద దాపు తీయాలి. ఆటోరన్ తుడవాలి. ఫోల్డర్ బొమ్మతో ఉన్న ప్రోగ్రామ్‌లు ఒకే సైజులో ఉన్నాయి. సైజును బట్టి వరస పెట్టించేసరికి అన్నీ ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి. బియ్యంలో రాళ్ళలాగా ఏరేశాను. రీస్టార్ట్. లేదు. ఇంకోసారి రీస్టార్ట్. లేదు.

పప్పు మాడింది.

16 జూలై, శుక్రవారం

రోజూ పొద్దున చూస్తున్నాను, నెట్ పెట్టి మరీ. శుభ్రంగా ఉంది.

18 జూలై, ఆదివారం

పొద్దున దుర్గమ్మగారు కరివేపాకు కోసం వచ్చారు. హాస్టల్లో వార్డెన్ గది కంప్యూటర్ కూడా పాడైందట. వార్డెన్ మేడమ్ లక్మేను నిలబెట్టి అడిగిందట, గందా చీజ్, పాడు బొమ్మలు తెచ్చేది నువ్వేనట కదా, కాలనీ అంతా చెప్పుకుంటోంది, ఆడపిల్లలున్న చోట ఇదేం పని, అని. వంట తప్ప గేటు దాటొద్దందట. దంతెవాడ టెస్ట్‌కు కూడా పంపేది లేదందట. మంచి పనైంది, నువ్వు ముందే పట్టేసేవు వొదినా, అన్నారు దుర్గమ్మగారు. కరివేపాకు పట్టుకెళ్ళారు.

టెస్ట్‌కు పంపరా? మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. కాలనీ అంతా చెప్పుకునే మాట కుళాయి దగ్గర నా నోట్లోంచి పుట్టింది.

సాయంత్రం లెక్కలు రాద్దామని కంప్యూటర్ పెట్టాను. ఫోల్డర్లన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి.

వచ్చేసింది. లక్మే వారం రోజులుగా ఈ గుమ్మం తొక్కలేదు. ఆమె పెన్‌డ్రైవ్ ఆయన అల్మారాలో, తాళంలో ఉంది.

ఆయనకు చెప్పలేదు. వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు.

19 జూలై, సోమవారం

ఆయన షిఫ్ట్‌కు వెళ్ళేవరకూ ఆగాను.

ప్రతి ఫైలుకూ అది ఎప్పుడు పుట్టిందో మిషన్ రాసుకుంటుంది. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. డి డ్రైవ్‌లో ఆటోరన్ ఫైలు మీద కుడివైపు నొక్కి చూశాను. పుట్టింది శనివారం పొద్దున, పదిన్నర దాటాక. ఆ వేళకు నేను ఏం చేస్తున్నాను? కుక్కర్ దించాను. గిన్నె వచ్చింది. బియ్యం పోశాను. డబ్బా తెరిచి, కుంకుమ అంటిన వేలు చీరకు తుడుచుకుని, పెన్‌డ్రైవ్ పెట్టాను.



దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు. ఆ డబ్బాను మేం మడి బట్టతోనే తాకుతాం. ఒకావిడ దానికి హారతి కూడా చూపిస్తుంది. లక్మే పెన్‌డ్రైవ్‌ను మాత్రం మొదటి రోజే చూపుడు వేలుతో చూపించాం.

తర్వాత ఇంకో పని చేశాను. అల్మారా తాళం చెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు. లక్మే పెన్‌డ్రైవ్ తీశాను. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని పెట్టాను, అలా చేస్తే ఆటోరన్ లేవదని సుక్రాం చెప్పాడు. అందులోనూ అది ఉంది. పుట్టిన తేదీ జూలై నాలుగు, మధ్యాహ్నం మూడు దాటాక. ఆమె మా కుర్చీలో కూర్చున్న వేళ. ఆమె పాఠాలన్నీ అంతకు నెల ముందువి, శుభ్రంగా ఉన్నాయి. చూశాక తిరిగి అల్మారాలో పెట్టాను.

ఆమె మా ఇంటికి తేలేదు. మా ఇంట్లోనే ఆమెకు అంటింది. అది పట్టుకెళ్ళి వార్డెన్ చెప్పిన ప్రింట్ తీసింది. హాస్టల్ కంప్యూటర్ పాడైందీ మా ఇంటివల్లే.

20 జూలై, మంగళవారం

ఆయనకు చెప్పాను. నమ్మలేదు. స్క్రీన్ మీద తేదీలు చూపించాను. కళ్ళద్దాలు తెచ్చుకుని చూశారు. చాలాసేపు చూశారు. గడియారం తప్పుంటదేమో, అన్నారు. గోడ గడియారం పక్కన పెట్టి చూపించాను. రెండూ ఒకటే.

మరి ఇప్పుడేం చేస్తవ్, దుర్గమ్మతోని కొట్లాడతవా, వాళ్ళాయన నా మీద ఫోర్‌మనే, అన్నారు. శనివారం దాకా ఆగుతానన్నాను. ఇంకోసారి నా కళ్ళతో చూస్తే గానీ నోరు విప్పను. ఒకసారి తొందరపడ్డాను కదా.

24 జూలై, శనివారం

గిన్నె వచ్చింది. షిఫ్ట్ మీట నొక్కి పట్టి పెన్‌డ్రైవ్ పెట్టాను. నల్ల కిటికీలో కమాండ్ కొట్టాను. పాటల కింద దాక్కుని రెండు ఫైళ్ళు. మా ఇంట్లో దొరికినవే.

బియ్యం పోసి గిన్నె పంపాను. డబ్బా పంపలేదు.

గంటలో దుర్గమ్మగారు వచ్చారు. డబ్బా ఏదమ్మా, అన్నారు. సాయంత్రం నేనే తెస్తానన్నాను.

భజన వాళ్ళింట్లోనే. మా ఆయన తాళాలు పట్టుకుని మగవాళ్ళ వరసలో కూర్చున్నారు. మొదటి పాట అయ్యాక లేచి నిలబడ్డాను. భజనలో మధ్యలో ఎవరూ లేవరు. చెప్పాను. మా ఇంటికి పురుగు వచ్చింది లక్మే దగ్గర్నుంచి కాదు, ఈ డబ్బాలోంచి. లక్మేకు అంటించింది మేము. ఆమె గురించి నేను కుళాయి దగ్గర చెప్పిన మాట తప్పు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక దుర్గమ్మగారు లేచారు. ఏటమ్మా, దేవుడి సామానుకి పురుగు అంటగడతన్నావేటి? స్వామి పాటల్లోంచి ఆ పాడు బొమ్మలొస్తాయా? నీకేటైనా మతి తప్పిందా? అన్నారు. పాటల్లో కాదు, పక్కన వచ్చి కూర్చుందని చెప్పాను. హారతి ఇచ్చే ఆవిడ, మరి వారం వారం కర్పూరం చూపిత్తన్నానే, దానికి చావదా, అని అడిగింది. నిజంగానే అడిగింది. ఎవరో నవ్వారు. నవ్వు ఆగిపోయాక ఇంకా కష్టంగా ఉంది.

అయితే ఏ ఇంటి నుంచి వచ్చిందో చెప్పమన్నారు. తెలియదన్నాను. నిజంగా తెలియదు. ఐదిళ్ళలో ఏదైనా కావచ్చు, మాదీ కావచ్చు. మా ఇంట్లో లేదు, మా ఇంట్లో లేదు, అని నాలుగు గొంతులు ఒకేసారి. దుర్గమ్మగారు డబ్బా నా చేతిలోంచి తీసుకుని పటం వెనక పెట్టారు. రెండో పాట ఎత్తుకున్నారు. నాకు ప్రసాదం ఆకు చివర్లో వచ్చింది.

25 జూలై, ఆదివారం

 పొద్దున ఆయన, అంత మందిల చెప్పాల్నా, మెల్లగ ఆమెకు ఒక్కదానికి చెప్తే పోయేది కదా, అన్నారు. మొదటి మాట అంత మందిలోనే కదా పోయిందన్నాను. టీ గ్లాసు కింద పెట్టేసి లేచారు. కాసేపటికి వచ్చి లక్మే పెన్‌డ్రైవ్ టేబుల్ మీద పెట్టారు. 

పెన్‌డ్రైవ్ శుభ్రం చేశాను. పాఠాలన్నీ తెరిచి చూశాను, ఒక్కటీ పోలేదు.

ఈ ఇంట్లో ఎవరికి ఎంత ఇవ్వాలో నాకు ఎప్పుడూ తెలుసు. లక్మేకు నేను బాకీ ఉన్నాను. ఏ గడిలో రాయాలో తెలియడం లేదు.

27 జూలై, మంగళవారం

హాస్టల్‌కు వెళ్ళాను. వార్డెన్ మేడమ్‌ది రాయగఢ్ వైపు. నా హిందీ బజారు హిందీ. అయినా మొత్తం చెప్పాను. ఆమె విని, తో ఆప్ కే ఘర్ సే ఆయా, అంది. హా, మా ఇంటి నుంచే వచ్చిందన్నాను. ఆమె తన కంప్యూటర్ వైపు చూపించింది. పిల్లల స్కాలర్‌షిప్ జాబితా అందులో ఇరుక్కుందట, పై వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారట. ముందు దీన్ని బాగుచేసి చూపించండి, అప్పుడు నమ్ముతాను, అంది. లక్మే టెస్ట్ సంగతి అడిగాను. అప్పుడే చూద్దామంది.

వెనక వంటింట్లో లక్మే పెద్ద గంజులో గరిటె తిప్పుతోంది. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. తడి చెయ్యి తుడుచుకుని తీసుకుంది. మళ్ళీ ఇంటికి రా లక్మే, అన్నాను. రాను, అంది. అంతే. అక్కా అనలేదు. గంజులో గరిటె ఆగలేదు.

28 జూలై, బుధవారం

ఇంట్లో వంట పెందలాడే ముగించి హాస్టల్‌కు వెళ్ళాను. వాళ్ళ మిషన్‌లో మాకంటే ముదిరింది. మూడు డ్రైవ్‌లు. ప్రతిదాంట్లోనూ ఉంది. ఒకటి శుభ్రం చేస్తుంటే రెండోదాంట్లోంచి మళ్ళీ పాకుతోంది. నెట్ తీగ పీకేసి, సేఫ్ మోడ్‌లో మొదలుపెట్టాను. కరెంటు రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా మొదటి నుంచీ.

పిల్లలు కిటికీలోంచి చూసి గోండీలో ఏదో అనుకుని నవ్వారు. లక్మే గుమ్మం దాకా వచ్చి నిలబడి వెళ్ళిపోయింది.

29 జూలై, గురువారం

మధ్యాహ్నానికి స్కాలర్‌షిప్ జాబితా బయటికి వచ్చింది. వార్డెన్ మేడమ్ పేర్లు పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకుంది. చదువుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నేను మళ్ళీ అడిగాను. లక్మే రోజూ రెండు గంటలు ఇక్కడే కొట్టుకోవచ్చునంది. టెస్ట్‌కూ పంపుతానంది. లక్మేను పిలిచి ఆ మాట ఆమెకే చెప్పమన్నాను. చెప్పింది.

వార్డెన్ బయటికి వెళ్ళాక లక్మే గ్లాసులో డికాషన్ తెచ్చింది. పాలు లేవు. తాగుతుంటే, భజన్ల ఏమన్నవ్, అని అడిగింది. అన్నది అన్నట్టు చెప్పాను.

అందరి ముంగటనా?

అందరి ముందే.

దుర్గమ్మ ఏమన్నది?

మతి తప్పిందా అంది.

లక్మేకు నవ్వు వచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. తర్వాత మొహం మళ్ళీ గట్టిపడింది. నీకు మతి తప్పలే. తప్పు నా మీద పెట్టినప్పుడు సుత తప్పలే. మంచిగ ఆలోచన చేసే పెట్టినవ్, అంది.

 గ్లాసు నేనే కడిగి బోర్లించాను. నేను వచ్చేసేటప్పుడు ఆమె కుర్చీలో కూర్చుంది. గేటు దాకా మీటల చప్పుడు వినబడింది. మాత్రల దగ్గర ఆగడం లేదు.

7 ఆగస్టు, శనివారం

గిన్నె ఒక్కటే వచ్చింది. బియ్యం పోశాను.

ఈ వారంలో మూడిళ్ళ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిలిచారు. మా ఇంట్లో లేదు గానీ ఒకసారి చూడు, అన్నారు. ముగ్గురూ ఆ మాటే అన్నారు. ముగ్గురింట్లోనూ ఉంది. శుభ్రం చేశాను.

దుర్గమ్మగారు పిలవలేదు.

11 ఆగస్టు, బుధవారం

దుర్గమ్మగారు పిలిచారు. వాళ్ళాయన డ్యూటీలో ఉన్నప్పుడు, పెరటి తలుపు నుంచి. చెప్పులు బయట కనబడకూడదని లోపల విప్పించారు. కంప్యూటర్ పెడుతూనే ఆవిడ అటు తిరిగి నిలబడ్డారు. స్క్రీన్ నిండా అవే. ఎన్ని రోజుల నుంచి అని అడిగితే, ఏమో, ఉగాది తర్వాత నుంచి కాబోలు, మా ఆయన చూత్తన్నాడేమో అని భయపడి ఎవరికీ చెప్పలేదొదినా, అన్నారు.

అన్ని నెలలు ఆవిడ తన మొగుణ్ణి అనుమానించింది. కుళాయి దగ్గర నేను లక్మే పేరు చెప్పినప్పుడు తప్పు మోపడానికి ఇంకో పేరు దొరికి ఆవిడ మనసు ఎంత తేలికపడి ఉంటుందో.

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అదే పేరు నాకూ అంత తేలిగ్గానే దొరికింది. చివరి ఫైలు దాకా ఏరేశాను. మీ ఆయన కాదు, మిషన్‌దే అని చెప్పాను. ఆవిడ కింద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దంది. చెప్పను. లక్మే దగ్గరికి మీరు వెళ్ళాలి అన్నాను. తల ఊపింది. వెళ్తుందో లేదో.

22 ఆగస్టు, ఆదివారం

టెస్ట్. తొలి బస్సుకు లక్మే వెళ్ళిందట. నేను బస్టాండుకు వెళ్ళలేదు. వెళ్తే నన్ను చూస్తూ ఎక్కాల్సి వస్తుంది ఆమెకు.

12 సెప్టెంబర్, ఆదివారం

వచ్చిందట. లక్మేకు ఉద్యోగం, తహసీల్ ఆఫీసులో. ఆయనే ప్లాంట్లో విని వచ్చి చెప్పారు. చెప్పి, మంచిగైంది, అన్నారు. బూట్లు విప్పుతూ ఇంకోసారి అన్నారు.

దుర్గమ్మగారు హాస్టల్‌కు వెళ్ళలేదని వార్డెన్ చెప్పింది.

18 నవంబర్, గురువారం

నివాస పత్రం కోసం తహసీల్ ఆఫీసుకు వెళ్ళాను. ఫొటో, కాగితాలు నా పెన్‌డ్రైవ్‌లో. కిటికీ అవతల లక్మే. కొత్త స్వెటర్. అందరితో మాట్లాడినట్టే నాతోనూ హిందీలో మాట్లాడింది. పహలే స్కాన్ హోగా, ముందు స్కాన్ చేయాలని చెయ్యి చాపింది. ఇచ్చాను.

చాలాసేపు పట్టింది. వెనక లైన్లో జనం. ఆమె కళ్ళు ఒకచోట ఆగాయి. స్క్రీన్ కొంచెం తన వైపు తిప్పుకుంది. నా వెనకున్నాయన, ఏం దొరికింది మేడమ్, అని మెడ చాచాడు. కుఛ్ నహీ, ఏం లేదంది లక్మే. తుడవడానికి నేను నొక్కిన మీటలే వరసగా నొక్కింది. పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది.

జర జాగ్రత్తగుండక్కా, అంది, నాకు మాత్రమే వినబడేలా.

లక్మేకు నా బాకీ: చెల్లు. కొట్టేసింది ఆమె.